ఆట యెవరి ఆస్తి?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేలము అను మాటకు బాలాపూరులో అర్థము చెప్పనక్కరలేదు. 1994లో వినాయక నిమజ్జనము నాడు లడ్డూ ప్రసాదమును వేలము వేయగా 450 రూపాయలు వచ్చినవి. 2024లో అదే ప్రసాదము 30,01,000 రూపాయలు పలికెను. 2025లో 35 లక్షలు పలికెను. ఇరువదియొక్క కిలోల లడ్డూకు అంగడిలో అంత వెల లేదని పాట పాడినవానికిని తెలియును, నిలిచి చూచినవానికిని తెలియును. అయినను పాట ముగిసిన పిమ్మట నష్టపోయితినని తలంచువాడు ఒక్కడును కానరాడు. పాడుకొన్నవాడు ప్రసాదమును బంధుమిత్రులకు పంచును, తన పొలములో చల్లుకొనును. పైకము దేవాలయమునకును గ్రామాభివృద్ధికిని చేరును. మరుసటి సంవత్సరము వినాయకుడు మరల అందరివాడే. లడ్డూను కొన్నవాడు వినాయకుని కొనలేదు; ఊరేగింపును కొనలేదు; బాలాపూరు పేరును కొనలేదు.

ఈ సంగతిని మనస్సునందుంచుకొని మరియొక వేలమును పరిశీలింపవలసియున్నది. అది 2008 జనవరి 24వ తేదీన బొంబాయి నగరమున జరిగినది. భారత క్రికెట్ నియంత్రణ మండలి ఇండియన్ ప్రీమియర్ లీగు అను నూతనమైన పోటీని ఏర్పరచి, ఎనిమిది నగరముల పేర జట్లను నడపు హక్కును ఆనాడు ధనవంతులకు విక్రయించెను. బొంబాయి జట్టు 11 కోట్ల 19 లక్షల డాలర్లకు రిలయన్సువారికి పోయినది. బెంగుళూరు జట్టు విజయ్ మాల్యాగారి సంస్థకు పోయినది. హైదరాబాదు జట్టును డెక్కన్ క్రానికల్ పత్రికను నడపు సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకొన్నది. ఎనిమిది జట్లలో వెలనుబట్టి అది మూడవది. ఢిల్లీ జట్టు 8 కోట్ల 40 లక్షల డాలర్లకు జి.యం.ఆర్. సంస్థవారి పరమైనది.

ఈ కడపటి పేరు ఈ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. ఉత్తరాంధ్రమున రాజాం గ్రామమున పుట్టిన గ్రంథి మల్లికార్జునరావుగారు స్థాపించిన సంస్థయే శంషాబాదు విమానాశ్రయమును నిర్మించినది. ఆ విమానాశ్రయము తెరువబడినది 2008 మార్చిలో, ఐ.పి.ఎల్. తొలి ఆట జరిగినది అదే సంవత్సరము ఏప్రిల్ 18న. ఒక తెలుగువారి సంస్థ నెల తిరుగకమునుపే హైదరాబాదునకు విమానాశ్రయమును, ఢిల్లీకి క్రికెట్ జట్టును నడుపసాగినది. ఇందు విడ్డూరము లేదు. రెండును ఒక్క తీరు వ్యాపారములే. విమానాశ్రయమునకు పేరు హైదరాబాదుది. నడుపు హక్కు సంస్థది. జట్టునకు పేరు ఢిల్లీది. నడుపు హక్కు సంస్థది.

కావున ఆనాటి వేలములో అమ్ముడుపోయిన సొత్తేమి? ఆటగాండ్రు కారు, వారి వేలము తరువాత వేరుగా జరిగినది. మైదానము కాదు, ఉప్పల్ మైదానము క్రికెట్ సంఘము చేతిలోనే యున్నది. ఆట అంతకంటెను కాదు. అమ్ముడుపోయినది ఒక నగరము పేరు పెట్టుకొని జట్టును ఆడించి, దానివలన వచ్చు రాబడిని అనుభవించు హక్కు మాత్రమే. నిజాం కాలమున అబ్కారీ గుత్త ఎట్టిదో ఎరిగిన తెలంగాణమువారికి ఈ హక్కు స్వరూపము వెంటనే బోధపడును. గుత్తేదారు చెట్టును నాటలేదు, కల్లును గీయలేదు. సర్కారునకు కట్టవలసినది కట్టి, పైన మిగిలినది తన జమకు వ్రాసికొనెను. ఇంగ్లీషువారు ఫ్రాంచైజీ అనుచున్నది తెలుగున గుత్తయే.

అయితే ధనవంతులు ఆటకు ధనము పెట్టుట 2008లో మొదలైనదా? కాదు. పూర్వము ఆ ధనమునకు వేరు పేరుండెను, అది పోషణము. తెలుగువాడైన సి.కె. నాయుడుగారు నాగపురమున పుట్టి, 1923లో ఇందూరు మహారాజు హోల్కారు కొలువునకు పోయెను. ఆ సంస్థానపు జట్టు రంజీ ట్రోఫీని నాలుగుమార్లు గెలిచెను. హైదరాబాదున నవాబు మొయినుద్దౌలా పేర 1930 ప్రాంతమున ఆరంభమైన బంగారు కప్పు పోటీకి దేశపు మేటి ఆటగాండ్రు వచ్చిరి. విజయనగర రాజకుమారుడు విజ్జీగారు 1930లో ఇంగ్లండునుండి హాబ్సు, సట్‌క్లిఫ్ అను మహా క్రీడాకారులను తన ఖర్చుతో రప్పించి, భారత సింహళ దేశములలో త్రిప్పి ఆడించెను.

పాత ధనమంతయు పుణ్యధనమని చెప్పుటయు సత్యము కాదు. అదే విజ్జీగారికి 1936లో ఇంగ్లండునకు పోయిన భారత జట్టు నాయకత్వము దక్కినది. అది ఆటవలన గాక పలుకుబడివలన దక్కినదని నాడును నేడును విమర్శ కలదు. నాటి మేటి ఆటగాడు లాలా అమరనాథ్‌ను యాత్ర నడుమనే ఇంటికి పంపివేసిరి. పోషకుడు పెట్టిన పైకమునకు వడ్డీగా లాభమును అడుగలేదు. కీర్తిని అడిగెను, ఒక్కొక్కప్పుడు పెత్తనమును అడిగెను. పోషకుని కాలము తీరినంతనే జట్టు కాలమును తీరుచుండెను. సంస్థానములు విలీనమైన కొలది యేండ్లకే, 1950ల మధ్యలో, హోల్కారు జట్టు పేరు రంజీ పట్టికనుండి తొలగిపోయినది.

పోషణమునకు వేరొక మార్గమును హైదరాబాదే చూపెను. సయ్యద్ అబ్దుల్ రహీంగారు తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. ఆ రహీంగారి శిక్షణలోనే భారతదేశము 1956 మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. ఆ ఆటగాండ్రు పోలీసు శాఖలో నెలజీతము తీసికొను ఉద్యోగులు. వారిని ఎవ్వరును వేలములో కొనలేదు, ఎవ్వరును అమ్మలేదు. జీతము స్వల్పమే, కాని నెల తిరుగగానే చేతికి వచ్చెడిది. ఆట ముగిసిన వయస్సున ఉద్యోగము మిగిలెడిది.

ఇంకను వెనుకకు పోయినచో కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధర్మస్థీయాధికరణమున, ఒక చక్కని నియమము కానవచ్చును. గ్రామమున అందరును కలిసి ప్రదర్శనము జరిపించునపుడు తన వంతు చెల్లింపనివాడు తానును తన ఇంటివారును దానిని చూడరాదు; చాటుగా చూచినచో, విన్నచో, రెండింతలు చెల్లింపవలెను. ఈ నియమము పిసినారిని శిక్షించుటకు పుట్టినట్లు పైకి తోచును. దాని మూలమున వేరొక భావము కలదు. వినోదము ఊరందరిది, కావున దాని ఖర్చును ఊరందరిది. వంతు ఇచ్చిన ప్రతివాడును దానిలో పాలివాడు.

పోషణము, ఉద్యోగము, చందా: ఈ మూడు తీరులకును భిన్నమైనది పెట్టుబడి. పెట్టుబడిదారుడు తిరిగి రాగల ధనమును లెక్కించి పెట్టును. ఇందు దోషము లేదు. లెక్కను మాత్రము అందరును చదువ నేర్వవలెను.

2008లో డాలరు విలువ సుమారు 40 రూపాయలు. ఆ లెక్కను హైదరాబాదు జట్టు వెల సుమారు 428 కోట్ల రూపాయలు. దానిని పదియేండ్ల వాయిదాలలో చెల్లింపవలెను. అనగా సాలునకు 42 కోట్ల 80 లక్షలు. ఇది ఖర్చు. దీనికి ఆటగాండ్ర జీతములు, శిక్షకులు, ప్రయాణములు, మైదానపు అద్దె కలియును. జమవైపు టికెట్ల రాబడి, చొక్కాలమీద వ్యాపారుల పేర్లకు వచ్చు సొమ్ము, అన్నిటికంటె పెద్దదిగా టెలివిజను ప్రసార హక్కులలో వంతు.

ఈ ప్రసార హక్కులే అసలు గని. 2023 నుండి 2027 వరకు ఐదేండ్లకు ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. సాలునకు 9,678 కోట్లు. అందు దాదాపు సగము పది జట్లకు పంచబడును. స్థూలముగా లెక్కించినచో జట్టుకొక్కింటికి సాలునకు 480 కోట్ల ప్రాంతము. 2025 పోటీకి ఒక జట్టు ఆటగాండ్రకై వెచ్చింపదగిన గరిష్ఠ మొత్తము 120 కోట్లు. మైదానపు తలుపు తెరువకమునుపే, ఒక్క టికెట్టును అమ్మకమునుపే, జమ ఖర్చును మించియున్నది. కడపటి స్థానమున నిలిచిన జట్టునకును ఈ వంతు రమారమి అంతయే వచ్చును. ఓడినందువలన పోటీనుండి తొలగింపబడు నియమము లేదు. జట్ల సంఖ్య పెంచు అధికారము మండలిదే. సరకు కొరతగా నుండి, రాబడి ఖాయముగా నున్నచో వెల పెరుగక యుండునా? 2021లో క్రొత్తగా వేలము వేసిన లక్నో జట్టును కలకత్తా సంస్థ యొకటి 7,090 కోట్లకు, అహమ్మదాబాదు జట్టును సి.వి.సి. అను విదేశీయ పెట్టుబడి సంస్థ 5,625 కోట్లకు పాడుకొన్నవి. ఢిల్లీ జట్టులో సగము వంతును జి.యం.ఆర్. వారు 2018లో జిందాల్ సంస్థకు సుమారు 550 కోట్లకు అమ్మిరి. పదియేండ్ల క్రిందట మొత్తము జట్టునకు నిర్ణయమైన వెల సుమారు 336 కోట్లు.

ఇంత లాభసాటి వ్యాపారమున హైదరాబాదు జట్టు ఎట్లు కూలెను? దీని జవాబులోనే నేటి ప్రసంగపు సారమున్నది.

డెక్కన్ చార్జర్స్ అను పేర ఆ జట్టు 2008లో ఆడినది. వి.వి.యస్. లక్ష్మణ్ నాయకుడు. పదునాలుగు ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచెను. మరుసటి యేడు పార్లమెంటు ఎన్నికల కారణమున పోటీ దక్షిణాఫ్రికాకు తరలినది. ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వమున అదే జట్టు 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగుళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించి విజేతయయ్యెను. అట్టడుగునుండి శిఖరమునకు ఒక్క సంవత్సరములో ఎక్కిన ఆ జట్టును చూచి హైదరాబాదు వీథులలో టపాకాయలు కాల్చిరి. ఆ సంతోషమునకు రసీదు ఎవ్వరును ఇయ్యలేదు, ఎవ్వరును అడుగలేదు.

2012 నాటికి యజమాని సంస్థ అప్పులపాలైనది. ఆ అప్పులు క్రికెట్ ఆటవలన వచ్చినవి కావు. సంస్థ ఇతర వ్యవహారములవి. అయినను ఒక్క ఇంటి యజమాని దివాలా తీసినచో వాకిటనున్న ఎద్దును కూడ జప్తు చేయుదురు గదా. ఆటగాండ్రకు జీతముల బకాయి పడెను. జట్టును అమ్మకమునకు పెట్టిరి. పొట్లూరి వరప్రసాద్‌గారి పి.వి.పి. సంస్థ ఒక్కటే 900 కోట్లకు పాట పాడెను. చెల్లింపు పద్ధతి నచ్చలేదని అమ్మకందారు ఒప్పుకొనలేదు. మరునాడు, 2012 సెప్టెంబరు 14న, మండలి గుత్తను రద్దు చేసెను. సంస్థ బొంబాయి హైకోర్టునకు పోయినది. 100 కోట్ల బ్యాంకు పూచీని గడువులోగా చూపలేకపోయినది. అక్టోబరు 25న మరల వేలము జరిగినది. మద్రాసునకు చెందిన సన్ టి.వి. సంస్థ సాలునకు 85 కోట్ల 5 లక్షల చొప్పున ఐదేండ్లకు పాడుకొన్నది. ఐదేండ్లకు మొత్తము 425 కోట్ల 25 లక్షలు. మొదటివారు పదియేండ్లకు ఒప్పుకొన్న మొత్తమును వీరు ఐదేండ్లకే ఒప్పుకొన్నారు.

క్రొత్త జట్టునకు సన్‌రైజర్స్ హైదరాబాదు అని పేరు పెట్టిరి. అది 2016లో విజేతయయ్యెను, 2024లో తుదిపోటీ వరకు పోయినది. పాత యజమానికిని మండలికిని తగవు మాత్రము సాగుచునే యుండెను. 2020లో మధ్యవర్తి పాత యజమానికి 4,800 కోట్లకు పైగా చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 2021లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. మండలి తన వాదమును వినిపించెను, సంస్థ తన వాదమును వినిపించెను, అప్పులిచ్చినవారును తమ హక్కును చెప్పుకొన్నారు. నాలుగవ పక్షముగా ఎవ్వరును నిలువలేదు. ఎవరి నగరము పేర ఆ జట్టు ఆడెనో ఆ నగరప్రజలకు అర్జీ పెట్టుకొను స్థానమే ఏ కాగితములోను లేదు.

ఇచట భారతములోని సభాపర్వము జ్ఞప్తికి రాక తప్పదు. ధర్మరాజు ధనమును ఒడ్డెను, రాజ్యమును ఒడ్డెను, తమ్ములను ఒడ్డెను, తన్ను ఒడ్డి ఓడెను. ఆ పిమ్మట ద్రౌపదిని ఒడ్డెను. తన్ను కొనిపోవ వచ్చిన ప్రాతికామిని ద్రౌపది అడిగినది కరుణను కాదు, హక్కును గూర్చిన ప్రశ్నను. ముందుగా తన్ను తాను ఓడినవానికి మరియొకరిని పణముగా పెట్టు అధికారము ఎచటిదని ఆమె అడిగెను. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని పలికి ఊరకుండెను. వికర్ణుడొక్కడు లేచి ఆమె పక్షమున మాటలాడెను. క్రికెట్ జట్టును ద్రౌపదితో పోల్చుట పెద్దమాట కావచ్చును. ప్రశ్న మాత్రము అదియే. తన వ్యవహారములలో తాను ఓడిన సంస్థ, తనది కాని నగరపు పేరును, అభిమానమును కూడ తనతోపాటు పణములోనికి ఈడ్చవచ్చునా?

ఆ ప్రశ్నకు 2012లో జవాబు రానందుననే, ఫుట్‌బాల్ విషయమున కథ మరల జరిగినది. 2019లో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు స్థాపింపబడెను. తొలి యేడు ఇండియన్ సూపర్ లీగున అట్టడుగున నిలిచెను. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీ కిక్కులలో ఓడించి విజేతయయ్యెను. రహీంగారి నగరమునకు ఫుట్‌బాల్ తిరిగి వచ్చినదని వృద్ధులు మురిసిరి. రెండేండ్లు గడువకమునుపే ఆటగాండ్రకు జీతముల బకాయిలు పడెను, విదేశీయ ఆటగాండ్రు విడిచిపోయిరి, 2023–24లో జట్టు మరల అట్టడుగునకు చేరెను. 2024లో క్రొత్త యజమానులు వచ్చిరి. 2025లో జట్టును ఢిల్లీకి తరలించి, పేరు మార్చిరి. గుత్త కాగితము బండిలో పోయినది. గచ్చిబౌలి మైదానపు మెట్లు ఇచటనే మిగిలినవి.

ఇది హైదరాబాదునకే పట్టిన గ్రహచారము కాదు. అమెరికాలో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ ప్రాంతమువారు ఎన్నో దశాబ్దములు తమదని నమ్మిన డాడ్జర్సు బేస్‌బాల్ జట్టును యజమాని 1957 పోటీల తరువాత లాస్ ఏంజిల్సునకు తరలించెను. నేడు ఆ నది ఎదురు పారుచున్నది. జి.యం.ఆర్. వారు 2024లో ఇంగ్లండున హాంప్‌షైర్ కౌంటీ క్రికెట్ సంస్థలో అధిక భాగమును కొన్నారు. సన్ సంస్థవారు 2025లో లీడ్సు నగరపు జట్టును సుమారు 10 కోట్ల పౌన్లకు కొని, దానికిని సన్‌రైజర్స్ అను పేరే పెట్టిరి. శంషాబాదు విమానాశ్రయమును నడపు సంస్థ చేతిలో తమ కౌంటీ జట్టు ఉన్నదని హాంప్‌షైర్ గ్రామములలోని వృద్ధులు నేడు చెప్పుకొనుచుండవచ్చును. హైదరాబాదున ఉదయించిన ప్రశ్న వారి గుమ్మములోనికిని పోయినది.

పెట్టుబడివలన కలిగిన మేలును దాచుట లెక్క వ్రాయువాని ధర్మము కాదు. హైదరాబాదున ఆటోరిక్షా తోలి జీవించిన తండ్రి కుమారుడు మహమ్మద్ సిరాజ్. 2017 వేలమున 20 లక్షల కనీసపు ధరతో నిలిచిన అతనిని సన్‌రైజర్సువారు 2 కోట్ల 60 లక్షలకు తీసికొన్నారు. అదే సంవత్సరము అతడు భారత జట్టున ఆడెను. విద్యుత్తు పనివాని కుమారుడు తిలక్ వర్మకు 2022లో బొంబాయి జట్టు 1 కోటి 70 లక్షలు ఇచ్చెను. ఊరి బరిలో గీత గీసి ఆడుకొను కబడ్డీని 2014లో ప్రో కబడ్డీ లీగు దేశమంతట చూపినది. 2023లో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్ అను ఆటగానికి 2 కోట్ల 60 లక్షలకు పైగా చెల్లించెను. పూర్వపు నవాబులు ఏ పేద బాలునికి ఇంత ఇచ్చిరి? ఈ ద్వారము మూయవలెనని కోరువాడు పేదవాని పక్షమున మాటలాడువాడు కాడు.

కాని పెట్టుబడి తనకు లాభము తోచిన చోటనే దీపము పెట్టును. 2023లో మహిళల ప్రీమియర్ లీగు ఐదు జట్లతో ఆరంభమైనది. హైదరాబాదున పెరిగి, భారత మహిళా క్రికెట్‌కు రెండు దశాబ్దములు వెన్నెముకయైన మిథాలీ రాజ్‌గారి నగరమునకు అందు జట్టు లేదు. ఆమె గుజరాతు జట్టునకు మార్గదర్శకురాలిగా పోయెను. నగరమునకు గల యోగ్యత వేరు, వేలములో పేరు పలుకుట వేరు.

కావున పెట్టుబడిని రానిచ్చుచునే, ఆట తిరిగి ప్రజలకు చెందునట్లు చేయు ఉపాయము కలదా? కలదని లోకములో నిదర్శనములున్నవి. అమెరికాలోనే గ్రీన్ బే అను చిన్న పట్టణపు ఫుట్‌బాల్ జట్టు 1923 నుండి ప్రజల వాటాలతో నడుచుచున్నది. వాటాదారుల సంఖ్య లక్షలకు పెరిగెను. ఎవ్వరికిని లాభము పంచరు. వాటాను అంగడిలో అమ్ముకొనరాదు. అందువలన ఆ జట్టు ఊరు విడిచి పోవుటకు దారియే లేదు. జర్మనీలో 1998 నుండి ఒక నియమము కలదు: ధనము ఎవరు పెట్టినను, కొలది మినహాయింపులు తప్ప, ఓట్లలో సగమునకు మించిన భాగము క్లబ్బు సభ్యుల చేతిలోనే యుండవలెను. కలకత్తాలో 1889 నాటి మోహన్ బగాన్ క్లబ్బు 2020లో ఒక వ్యాపార సంస్థ చేతికి వచ్చి, దాని పేరు ముందు యజమాని పాత జట్టు పేరు చేరినపుడు అభిమానులు మూడేండ్లు ఊరకుండలేదు. 2023లో యజమాని ఆ పేరును తొలగించెను. ఆయన లక్నో జట్టును 7,090 కోట్లకు పాడుకొన్న సంస్థకే అధిపతి. అంత ధనము గలవారును ఊరి మాటను వినిరి. ఊరు మాటలాడెను గనుక.

ఈ నిదర్శనములనుండి హైదరాబాదు నగరమువారు కోరదగినవి మూడు కలవు. మొదటిది: జట్టు లెక్క వేరు, యజమాని ఇతర వ్యాపారముల లెక్క వేరుగా నుండవలెను. ఆటగాండ్ర జీతములకు సరిపడు సొమ్ము పోటీ ఆరంభమునకు ముందే వేరుగా నిలువ యుంచవలెను. ఇట్టి కట్టుబాటు ఉన్నచో 2012లోను 2023లోను జరిగిన అన్యాయము ఆటగాండ్రకు తప్పెడిది. రెండవది: నగరపు పేరు నగరపు సొత్తు. జట్టును తరలించునపుడు గాని అమ్మునపుడు గాని ఆ నగరపు క్రీడాసంఘము మాటయు, టికెట్టు కొని వచ్చు ప్రేక్షకుల మాటయు వినుట గుత్త కాగితములోనే షరతుగా వ్రాయవలెను. మూడవది: ఒక నగరము పేరుమీద వచ్చు రాబడిలో కొంత వంతు ఆ చుట్టుపట్ల మైదానములకు చేరవలెను. బాలాపూరు లడ్డూ పైకము ఊరికి చేరుట ఎంత సహజమో ఇదియు అంత సహజము. విమానాశ్రయము వచ్చిన పిమ్మట ఈ ప్రాంతమున ఎకరము ధర కోట్లకు చేరినది. పిల్లలు బంతి ఆడుకొను ఖాళీ స్థలములు ప్లాట్లుగా మారుచున్నవి. తెరమీద చూచుటకు ఆట కలదు, కాలు మోపి ఆడుటకు నేల తరుగుచున్నది. సిరాజ్ వేలములో పుట్టలేదు. ఇట్టి ఖాళీ నేలలలో పుట్టెను.

ఈ సభ జరుగుచున్నది గ్రంథాలయములో గనుక ఒక్క మాట చెప్పి ముగించుట ఉచితము. గ్రంథాలయములో బీరువా ఇచ్చినవారి పేరు బీరువామీద వ్రాయుదురు. పుస్తకములు కొనుటకు ధనమిచ్చినవారి పేరు లోపలి పుటపై వ్రాయుదురు. దాతకు ఆ గౌరవము న్యాయముగా చెందవలసినదే. అయితే పుస్తకముమీద ముద్ర మాత్రము గ్రంథాలయముది. ముద్ర పడిన పుస్తకమును దాత తన అప్పునకు తాకట్టు పెట్టలేడు, మరియొక ఊరికి తీసికొనిపోలేడు. ఇరువదియైదేండ్లు ఈ సంస్థ నిలుచుటకు దాతల ధనమెంత కారణమో, ఆ ముద్రయు అంత కారణము. ఆటలకును ఆ ముద్ర ఒకటి కావలసియున్నది. దానిని చెక్కించు పని చట్టము చేయువారిది. దానిని అడుగు పని మైదానమున కేకలు వేయువారిది, ఇండ్లలో తెరముందు కూర్చుండువారిది, ఈ ఊరి బడిపిల్లలది.